లాభం పెరిగినా షేర్ ఎందుకు పడింది?

కొత్త_డీమ్యాట్:
అందరికీ నమస్తే. షేర్లు కొనడం మొదలెట్టి ఏడాదైంది. మొన్న నా దగ్గరున్న ఫార్మా కంపెనీ రిజల్ట్స్ వచ్చాయి, లాభం పోయినేడాది కంటే 18 శాతం ఎక్కువ, హమ్మయ్య అనుకున్నా, తెల్లారి చూస్తే షేర్ 6 శాతం డౌన్! అసలు ఈ రేటు ఎవరు డిసైడ్ చేస్తారు? రోజంతా యాప్ తెరిచి చూస్తూనే ఉన్నా, నిద్ర పట్టట్లేదు, అమ్మేయాలా ఉంచాలా?

మిర్చియార్డ్:
ఎవరూ కూర్చుని డిసైడ్ చెయ్యరు తమ్ముడూ. మాది గుంటూరు, యార్డుకి మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎక్కువొచ్చి కొనేవాళ్ళు తగ్గితే రేటు పడుద్ది. షేరూ అంతే, చివరి బేరం ఎంతకి కుదిరిందో అదే స్క్రీన్ మీద కనపడేది. లాభం 25 శాతం పెరుగుద్దని ఆశపడి ముందే కొన్నవాళ్ళు ఉంటే 18 చూడగానే అమ్మేస్తారు. ఇంకోటి, రేటు పడినప్పుడు మా రైతులు కోల్డ్ స్టోరేజీలో పెట్టి కూర్చున్నట్టే మనం కూడా కొన్న రేటొస్తే అమ్ముదాంలే అని నష్టంలో ఉన్న షేర్ పట్టుకుని, కాస్త లాభం వచ్చినదాన్ని మాత్రం గబుక్కున అమ్మేస్తాం.

సాయంత్రం_చాయ్:
ఆశ సంగతి అంటే 2024 జూన్ గుర్తుకొస్తది. ఎగ్జిట్ పోల్స్ చూసి 3న సెన్సెక్స్ 2,500 పాయింట్లు ఎగిరింది, 4న కౌంటింగ్‌లో బీజేపీకి అనుకున్నన్ని సీట్లు రాలేదని 4,390 పడింది, 7న మళ్ళీ రికార్డ్ క్లోజింగ్. ఆ నాలుగు రోజుల్లో ఫ్యాక్టరీలు అవే, అప్పులు అవే. నేను 4న మధ్యాహ్నం భయంతో సగం అమ్మేశా, ఇప్పటికీ బాధే. ఆ వారమే మన దగ్గర టీడీపీ గెలిచిందని చంద్రబాబు కుటుంబం వాళ్ళ పాల కంపెనీ హెరిటేజ్ ఫుడ్స్ వెనక వేలంవెర్రిగా పడ్డారు, వారంలో పాల అమ్మకాలు అంత పెరుగుతాయా చెప్పండి.

పాత_లెడ్జర్:
నిజమే కానీ ప్రతిదీ భయం, ఆశ అనుకుంటే మునిగిపోతాం. 2009 జనవరి 7న ఐటీ కంపెనీ సత్యం షేర్ 179 దగ్గర్నుంచి ఒక్కరోజులో 40కి వచ్చింది. బ్యాంకులో ఉందని చూపించిన 5,040 కోట్లు అసలు లేవు, ఆ పడటానికి కారణం లెక్కల్లోనే ఉంది. అందుకే ముందు రిజల్ట్స్ తెరవండి బ్రదర్, ఆ 18 శాతంలో అదర్ ఇన్‌కమ్ (అసలు వ్యాపారం కాని రాబడి) ఎంత, ఎక్సెప్షనల్ ఐటమ్స్ (ఎప్పుడో ఒకసారి వచ్చే లెక్కలు) ఎంత?

కొత్త_డీమ్యాట్:
ఇప్పుడే చూశానండి. స్థలం అమ్మిన డబ్బు కలిపారు, అది తీసేస్తే లాభం పోయినేడాది కంటే తక్కువే. నేను హెడ్డింగ్ ఒక్కటే చదివా. ఈ రాత్రికి పాత నాలుగు క్వార్టర్లు కూడా తీసి చూస్తా, అమ్మే సంగతి తర్వాత.