సొంతిల్లు ఉంది: కిరాయి కోసం పైన అంతస్తు వేయాలా, లోన్ మీద ఫ్లాట్ కొనాలా?

ఉప్పల్180గజాలు:
అందరికీ నమస్తే. ఉప్పల్‌లో 180 గజాల్లో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు మాది. ఇంటి లోన్ పోయిన నెలే తీరింది. పైన రెండు పోర్షన్లు వేస్తే 22 లక్షలవుతుందని మేస్త్రీ చెప్పాడు, రెండిటికీ కలిపి కిరాయి 22 వేలు వస్తుంది. లేదంటే దగ్గర్లోనే 65 లక్షలకు పాత ఫ్లాట్ ఒకటి ఉంది, కిరాయి 20 వేలు. మొదటిసారి దిగుతున్నాను. ఏది నయం?

గజంలెక్క:
ఇందులో ఆలోచించేదేముంది బ్రదర్? 22 లక్షల మీద ఏడాదికి 2.64 లక్షలంటే 12 శాతం. ఫ్లాట్ మీద నాలుగు శాతం కూడా రాదు. రిజిస్ట్రేషన్‌కే 7.5 శాతం, దాదాపు 4.9 లక్షలు పోతాయి. 50 లక్షలు 8.5 శాతానికి 20 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ 43 వేలు దాటుతుంది. కిరాయి పోను నెలకు 23 వేలు చేతినుంచి పెట్టుకోవాలి. స్లాబు వేసేయండి.

14ఏళ్లఅద్దె:
జాగా ఊరికే వచ్చిందా అన్నా? దాని విలువ కలపకుండా 12 శాతం ఎలా అంటారు? రేపు పిల్ల పెళ్లికి డబ్బు కావాలంటే ఫ్లాట్ అమ్ముకోవచ్చు. పై అంతస్తు ఒక్కటీ ఎవరు కొంటారు? లోన్ వడ్డీకి ట్యాక్స్ కూడా తగ్గుతుంది.

గజంలెక్క:
జాగా ఎలాగూ ఆయనదే, ఖాళీగా ఉంచితే పైసా రాదు. ట్యాక్స్ సంగతికొస్తే, కొత్త విధానంలో ఇంటి మీద వచ్చే నష్టాన్ని, అంటే కిరాయిని మించిన వడ్డీని, జీతంలోంచి తీసేయనివ్వరు. పాత దాంట్లోనూ ఏడాదికి 2 లక్షల వరకే.

బోరుఎండింది:
ముందు నీళ్ల సంగతి చూసుకోండి. మా వీధిలో మార్చి నుంచే ట్యాంకర్లు.

గజంలెక్క:
మోటారు మన చేతిలో ఉంటే నీళ్లు వృథా కావు. మా ఇంట్లో పొద్దున అరగంట, సాయంత్రం అరగంట వేస్తాను. ఓనరు కిందే ఉంటే ఎవరొచ్చేది, ఎవరు పోయేది కూడా తెలుస్తుంది. దూరంగా ఫ్లాట్ ఇచ్చి మా బావ తొమ్మిది నెలల కిరాయి పోగొట్టుకున్నాడు.

14ఏళ్లఅద్దె:
మళ్లీ మోటారేనా? శాతాలు పక్కన పెట్టండి. మీకు కావలసింది కిరాయి కాదు, పెత్తనం. 14 ఏళ్లు అలాంటి ఇళ్ల మెట్లే ఎక్కాను. చుట్టాలొస్తే ఎన్ని రోజులుంటారని ఓనరమ్మ గేటు దగ్గరే అడిగేది. మా నాన్న ఆసుపత్రిలో పోతే శవాన్ని ఇంటికి తేవద్దన్నారు. అటునుంచి అటే శ్మశానానికి తీసుకెళ్లాం. అందుకే చెబుతున్నాను, ఓనరు, కిరాయిదారు ఒకే గేటులో ఉండకూడదు.

పిల్లర్ పని:
కొట్లాట తర్వాత. పిల్లర్లు ఎన్ని అంతస్తులకు వేశారు? పర్మిషన్ ఎంతవరకు ఉంది?

గజంలెక్క:
అక్కా, నాన్నగారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అలా అనడం ముమ్మాటికీ తప్పు. కానీ మా అమ్మకు 82 ఏళ్లు, పగలంతా ఒక్కతే ఉంటుంది. పైన ఎవరున్నారో పట్టించుకోకుండా నేను ఆఫీసులో ఎలా కూర్చోను?

14ఏళ్లఅద్దె:
అంత భయం ఉంటే పోర్షన్ ఇవ్వకండి అన్నా. ఇచ్చాక అది వాళ్ల ఇల్లు. వాళ్ల ఇంట్లో చావూ ఉంటుంది, పెళ్లీ ఉంటుంది.

గజంలెక్క:
కిరాయికిచ్చినంత మాత్రాన నా ఇల్లు కాకుండా పోదు. ఇక్కడ మాత్రం మీతో ఒప్పుకోలేను.

ఉప్పల్180గజాలు:
ప్లాను జీ ప్లస్ వన్‌కి, అంటే పైన ఒక్క అంతస్తుకి ఉంది. ఇప్పుడే మిద్దె ఎక్కి చూశాను. పిల్లర్ల మీద వదిలిన చువ్వలు పన్నెండేళ్ల వానకు తుప్పుపట్టాయి, గోటితో గీకితే పొరలు రాలుతున్నాయి. ఇంజనీరుకు చూపించకుండా మేస్త్రీకి అడ్వాన్స్ ఇవ్వను. ఫ్లాట్ ఈఎంఐ నా వల్ల కాదు. కడితే మాత్రం మెట్లు బయటినుంచే పెడతాను, పైవాళ్లకు సంపు, మోటారు, కరెంటు మీటరు వేరుగా ఇస్తాను. ఐదు వేల లీటర్ల సంపుకి ఇప్పుడు ఎంత తీసుకుంటున్నారు?