వయసుతో పాటు సంగీతాభిరుచి ఎందుకు మారుతుంది?

ప్రశ్న: ఇరవయ్యేళ్ల వయసులో ఇళయరాజా పాటలు తప్ప మరేవీ వినని నాకు, నాన్నగారు ఉదయాన్నే రేడియోలో పెట్టుకునే త్యాగరాజ కీర్తనలు ఎంతో విసుగు కలిగించేవి. ఇప్పుడు 54 ఏళ్లు వచ్చాక వాటినే వెతుక్కొని వింటున్నాను. ఈ మార్పు మీకూ అనుభవమేనా?

జవాబు 1: అనుభవమేనండి. నా విషయంలో దీనికి కారణం రాగపరిచయం. ఐదు స్వరాల మోహనను సినిమా పాటల్లో ఏళ్ల తరబడి విన్న చెవికి, అదే రాగంలోని త్యాగరాజ కీర్తన ‘నను పాలింప’ మొదటిసారి విన్నప్పుడే ఆత్మీయంగా తోచింది.

జవాబు 2: నేను కొంత విభేదిస్తాను. కౌమారంలోను, తొలి యౌవనంలోను విన్న పాటలే గాఢంగా గుర్తుంటాయని మనస్తత్వశాస్త్రం చెబుతోంది. డెబ్బై దాటినా నాకు ఘంటసాల గొంతు వింటేనే మనసు కుదుటపడుతుంది.

ప్రశ్న అడిగినవారు: నిజమే, ఇళయరాజాను నేనూ వదలలేదు. అయితే నాన్నగారు వెళ్లిపోయాకే ఆ కీర్తనలను శ్రద్ధగా వినడం మొదలుపెట్టాను.