చిన్న గదిలో మిక్సింగ్: ఫోమ్ అంటించినా బాస్ కుదరడం లేదు

ప్రశ్న — గదిలోగోల

గది లోపలి కొలతలు 3.6 × 3.0 మీటర్లు, ఎత్తు 2.7. ఇటుక గోడలు, పైన స్లాబ్. 5 అంగుళాల మానిటర్ స్పీకర్లు రెండు బల్ల మీద ఉన్నాయి, వాటి ముఖాలు ఎదుటి గోడకు 70 సెం.మీ. దూరంలో. కుర్చీ సరిగ్గా గది మధ్యలో. వెనక కుడి మూలలో తలుపు ఉంది. మూడు గోడలకు 2.5 సెం.మీ. పిరమిడ్ ఫోమ్ అంటించాను. చప్పట్లు కొడితే వచ్చే టంగుమనే ప్రతిధ్వని పోయింది. కానీ ఇక్కడ సరిపోయిందనిపించిన బాస్ కారులో వింటే దంచేస్తోంది. గొంతు రికార్డ్ చేస్తే డబ్బాలోంచి మాట్లాడినట్టుంది. ఇంకా ఫోమ్ కొనాలా, ఈక్యూతో (ఒక్కో స్థాయి ధ్వనిని విడిగా పెంచే, తగ్గించే సాధనంతో) సరిచేయాలా?

జవాబు 1 — నాలుగోవంతు

రెండూ వద్దండి. ముందు కుర్చీ జరపండి, దానికి ఖర్చు లేదు.

171.5ను గది కొలతతో (మీటర్లలో) భాగిస్తే ఆ దిశలో మొదటి మోడ్, అంటే గోడల మధ్య ధ్వని నిలిచి మోగే ఫ్రీక్వెన్సీ, వస్తుంది. మీ గదికి పొడవులో 47.6 హెర్ట్జ్, వెడల్పులో 57, ఎత్తులో 63.5. ఈ మూడింటికీ గది నడిమధ్య పీడనం దాదాపు సున్నా. మీరు పొడవులోనూ వెడల్పులోనూ మధ్యలో ఉన్నారు. కూర్చుంటే చెవి ఎత్తు 1.2 మీటర్లు, అంటే ఎత్తులోనూ దాదాపు సగం. బాస్ గిటార్ కింది స్వరాలు మూడువైపులా మాయమయ్యే చోటే మీ చెవి ఉంది. వినపడటం లేదని మీరు పెంచుతున్నారు, కారులో అది బయటపడుతోంది.

వెడల్పులో మధ్యన కూర్చోక తప్పదు, లేకపోతే స్టీరియో వంకరపోతుంది. పొడవులో మాత్రం ఎదుటి గోడ నుంచి 38 శాతం దగ్గర, అంటే 1.37 మీటర్ల వద్ద తల ఉండేలా మొదలుపెట్టండి. అది శాసనమేమీ కాదు. అక్కడి నుంచి 10 సెం.మీ. చొప్పున ముందుకూ వెనక్కూ కొలిచి చూసుకోవాలి.

మానిటర్ల దూరం సంగతి వేరు. స్పీకర్ నుంచి దాని వెనకున్న ఎదుటి గోడకు వెళ్లి తిరిగొచ్చే ధ్వని 1.4 మీటర్లు అదనంగా నడుస్తుంది. 122 హెర్ట్జ్‌కు అది సగం తరంగం, కాబట్టి నేరుగా వచ్చేదాన్ని రద్దు చేస్తుంది, గ్రాఫ్‌లో అక్కడ గుంట పడుతుంది. స్పీకర్ ముఖం గోడకు 40 సెం.మీ. దూరానికి వస్తే ఆ గుంట 214 హెర్ట్జ్‌కు జరుగుతుంది. అక్కడైతే ధ్వనిని పీల్చే 10 సెం.మీ. మందపు ప్యానెల్ పట్టుకోగలదు, 122 దగ్గర దాని బలం తక్కువ. గోడ దగ్గరికి జరిపితే బాస్ మొత్తంగా పెరుగుతుంది, స్పీకర్ వెనకున్న ‘లో’ (బాస్ తగ్గించే) స్విచ్‌తో 2 డీబీ తగ్గించి వినండి. 40 సెం.మీ. వద్ద ఉంచి, తల 1.37 దగ్గర పెడితే సమబాహు త్రిభుజం భుజం సుమారు 1.12 మీటర్లు. స్పీకర్ల మధ్య దూరమూ అంతే.

ఈక్యూ గురించి: గుంటను బూస్ట్ చేస్తే నేరు ధ్వనీ, గోడ నుంచి తిరిగొచ్చేదీ రెండూ పెరుగుతాయి, రద్దు అలాగే ఉంటుంది. స్పీకర్‌కు శ్రమ తప్ప లాభం లేదు. మరీ ఎక్కువగా మోగే గుట్టలను తగ్గించడానికి మాత్రం ఈక్యూ పనికొస్తుంది, అదీ ట్రీట్‌మెంట్ (ధ్వనిని పీల్చే ప్యానెళ్లు పెట్టడం) అయ్యాకే.

జవాబు 2 — చెక్కాబట్టా

ఫోమ్ ఎందుకు చాలలేదో చెప్తాను. గోడను ఆనుకున్న చోట గాలి కణాలు కదలవు. అవి ఎక్కువగా కదిలేది గోడ నుంచి నాలుగోవంతు తరంగదైర్ఘ్యం దూరంలో. పీచు పదార్థం పనిచేయాలంటే అక్కడిదాకా చేరాలి. 2.5 సెం.మీ.కి ఆ లెక్క 3400 హెర్ట్జ్ పైమాటే. అందుకే పైస్థాయి (ట్రెబుల్) చచ్చిపోయి 200–600 హెర్ట్జ్ మధ్య అంతా మిగిలింది. మీ డబ్బా గొంతు అదే. ఇంకా ఫోమ్ అంటిస్తే మరింత ముదురుతుంది. సగానికి సగం పీకేయండి. మామూలు పాలీయురేథేన్ ఫోమ్ అయితే తొందరగా అంటుకుంటుంది కూడా, కరెంటు బోర్డుల చుట్టూ అస్సలు ఉంచకండి.

కావలసింది రాక్‌వూల్ (రాతి పీచు) పలకలు: 120 × 60 సెం.మీ., 5 సెం.మీ. మందం, సాంద్రత ఘనపు మీటరుకు 48 నుంచి 60 కిలోలు. రెండేసి కలిపితే 10 సెం.మీ. ప్యానెల్. చెక్క ఫ్రేమ్ లోపలి కొలత 119 × 59 పెడితే పలక బిగుతుగా కూర్చుంటుంది, జారదు. గుడ్డను నోటికి ఆనించి ఊదండి. గాలి సులువుగా దాటితే పనికొస్తుంది. రెగ్జిన్ లాంటివి వద్దు. గుడ్డను ముందు పొడవు వైపుల మధ్యలో స్టేపుల్ చేసి, అక్కడి నుంచి మూలలకు లాగుతూ వెళ్లండి, ముడతలు రావు. కోసేటప్పుడు మాస్కు, గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. దురద రెండు రోజులు వదలదు.

గోడకు అతికించకుండా వెనక 10 సెం.మీ. ఖాళీ వదలండి. అదే ప్యానెల్ ఇంకా కిందిస్థాయి వరకు పనిచేస్తుంది. ఖాళీకి డబ్బు పెట్టక్కర్లేదు కదా.

మీ గదికి ఎనిమిది ప్యానెళ్లు, అంటే 16 పలకలు: పక్కగోడలకు ఒక్కొక్కటి, నెత్తిన రెండు, స్పీకర్ల వెనక రెండు, వెనక గోడకు రెండు. పక్కవాటి చోటు అద్దంతో తెలుస్తుంది. మీరు కుర్చీలో ఉండగా ఇంకొకరు గోడ వెంబడి అద్దం జరపాలి, అందులో స్పీకర్ కనిపించిన చోటే ప్యానెల్ మధ్య. మూలలకు విడిగా కావాలి. ముందు రెండు మూలల్లో, రెండు గోడలనూ కలుపుతూ ఏటవాలుగా, నేల నుంచి రెండేసి ప్యానెళ్లు ఒకదానిమీద ఒకటి.

జవాబు 3 — గదిలోగోల

ఇద్దరికీ థాంక్స్. తలుపున్న మూలను ఏం చేయాలి? మూలల్ని త్రికోణాలుగా కోసిన రాక్‌వూల్‌తో పూర్తిగా నింపితే మేలంటారు, నిజమేనా? ఇవన్నీ పెడితే బయటి బండ్ల మోత కూడా తగ్గుతుందా?

జవాబు 4 — నాలుగోవంతు

మీ చివరి ప్రశ్నకు మొదట జవాబు: బండ్ల మోత తగ్గదు. ట్రీట్‌మెంట్ లోపలి ధ్వనిని సరిచేస్తుంది. బయటి మోతకు బరువైన గోడ, సందు లేని తలుపు, కిటికీ కావాలి. తలుపు అంచులకు రబ్బరు బీడింగ్ వేసి కింది సందు మూయండి, తేడా వినిపిస్తుంది.

మూలల్ని నింపితే మేలే. కానీ ఒక్కో పలక నుంచి 60 సెం.మీ. భుజాలున్న త్రికోణాలు నాలుగే వస్తాయి. 2.7 మీటర్ల ఎత్తుకు 54 కావాలి, అంటే మూలకు 14 పలకలు. అంత మందానికి ఘనపు మీటరుకు 30–40 కిలోల తేలిక రకం సరిపోతుంది, గట్టి రకం లోపలికి ధ్వనిని పోనివ్వదు. తలుపు మూలను వదిలేయండి. గదికి నిలువు మూలలు నాలుగే అయినా గోడ, పైకప్పు కలిసే అంచులు ఇంకో నాలుగున్నాయి. వెనక గోడ పై అంచుకు వాలుగా రెండు ప్యానెళ్లు పెడితే చాలు.

జవాబు 5 — చెక్కాబట్టా

నిలువు మూలల ప్యానెళ్లకు గుడ్డ కింద పల్చని పాలిథిన్ షీట్ వేస్తే పైస్థాయి వెనక్కి తిరిగి గది మరీ మొద్దుబారదు. పక్కగోడ ప్యానెళ్లకు మాత్రం వేయకండి, అక్కడ ఆపాల్సిందే ఆ పైస్థాయిని.

గొంతుకు: కార్డియాయిడ్ మైకు వెనక వైపు నుంచి తక్కువ వింటుంది. కాబట్టి మందపాటి ప్యానెళ్లు ఉండాల్సింది పాడేవాళ్ల వీపు వెనక. చాలామంది మైకు వెనక పెడుతుంటారు. గది మధ్య కాకుండా కాస్త పక్కకు నిలబడి, మైకుకు 15–20 సెం.మీ. దూరంలో పాడండి.

జవాబు 6 — నాలుగోవంతు

గది ధ్వనిని కొలిచే సాఫ్ట్‌వేర్ రూమ్ ఈక్యూ విజార్డ్ ఉచితమే. ఓమ్నీ (అన్ని వైపుల నుంచీ సమానంగా వినే) కొలత మైకును చెవి ఎత్తులో నిలబెట్టి ఎడమ, కుడి విడివిడిగా 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు జారుతూ పెరిగే పరీక్ష ధ్వని (స్వీప్) తీయండి. పాడే మైకుతో వద్దు, దాని బాస్ తగ్గుదల మీ గ్రాఫ్‌లో కలుస్తుంది. 300 హెర్ట్జ్ కింద స్మూతింగ్ (గ్రాఫ్‌ను నున్నగా చేయడం) పెట్టకుండా చూడండి. వాటర్‌ఫాల్ గ్రాఫ్‌లో (ధ్వని ఎంతసేపు ఆరిపోకుండా మోగుతుందో చూపేది) 47, 57, 63 హెర్ట్జ్ దగ్గర తోకలు ఎంత పొడుగున్నాయో ఇప్పుడే సేవ్ చేసుకోండి. ప్యానెళ్లు పెట్టాక గ్రాఫ్ ఎత్తు పెద్దగా మారకపోయినా ఆ తోకలు పొట్టివవ్వాలి. అవ్వకపోతే రెండు ఫైళ్లూ ఇక్కడ పెట్టండి.