లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్: 1960 నాటిది చూడొచ్చా?

రాత్రిషో:
1986లో వచ్చిన ‘లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్’ చూశాను. మనుషుల్ని తినే మొక్క, పాటలు, స్టీవ్ మార్టిన్ డెంటిస్ట్ వేషం... తెగ నచ్చింది. దీనికి మూలం 1960లో రోజర్ కోర్మన్ తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా అట, షూటింగ్ రెండు రోజుల్లో ముగించారట. అదిప్పుడు చూస్తే నవ్వొస్తుందా, చుట్టేసినట్టు ఉంటుందా?

పాతరీలు:
చుట్టేసినట్టే ఉంటుంది, నవ్వూ వస్తుంది. వేరే సినిమాకి వేసిన సెట్టు ఖాళీగా ఉంటే అందులోనే లాగించేశారు. వీధి సీన్లు మాత్రం విడిగా రాత్రిపూట తీశారు. ఖర్చు దాదాపు 30 వేల డాలర్లు. 86 నాటిదానికి రెండున్నర కోట్లు! ఇంకోటి, మీరు చూసింది సూటిగా దీని రీమేక్ కాదు. 1982లో హోవర్డ్ ఆష్‌మన్, అలన్ మెంకెన్ దీన్ని మ్యూజికల్ నాటకం చేశారు, సినిమా దాన్నుంచి వచ్చింది.

నాకైతే పాతదే ఇష్టం, ముఖ్యంగా డెంటిస్ట్ సీను. కొత్తదాంట్లో పేషెంట్‌గా వచ్చిన బిల్ మర్రే నొప్పిని ఆస్వాదిస్తుంటే స్టీవ్ మార్టిన్‌కి చిర్రెత్తి బయటికి గెంటేస్తాడు. పాతదాంట్లో డెంటిస్ట్ అప్పటికే చచ్చాడు. శవం లోపల ఉండగా, పేషెంట్ రావడంతో పూలకొట్టు కుర్రాడు సీమోర్ డాక్టరునని చెప్పి పళ్లు పీకాల్సొస్తుంది. కుర్చీలో ఉన్నది కుర్ర జాక్ నికల్సన్! వణికిపోతున్నవాడి చేతికి డ్రిల్లు, నొప్పి కావాలని మురిసిపోయేవాడు కుర్చీలో. దీని ముందు మర్రే సీను ఉత్త స్కిట్టు. నికల్సన్ కనిపించేది కాసేపే, తర్వాత వీడియో కవర్ల మీద మాత్రం ఆయన ముఖమే పెద్దగా వేసుకున్నారు, అదో తమాషా.

తెరవెనక:
కొత్తదాన్ని మరీ తీసిపారేయకండి బాసూ. ఆ మొక్కలో గ్రాఫిక్స్ లేవు, మొత్తం బొమ్మను ఆడించే పనితనమే. మొక్క పెదాలు పాటకు కలవాలని కెమెరా వేగం తగ్గించి తీశారు (మామూలు వేగంతో వేస్తే కదలిక చురుగ్గా కనిపిస్తుంది), దాంతో పక్కనున్న హీరో రిక్ మొరానిస్ కూడా నెమ్మదిగా కదలాలి, నెమ్మదిగా పెదాలు కదపాలి. తెర మీద తెలుస్తుందా? పాతదాంట్లో మొక్క నోరు తెరిచి మూస్తుంది, అంతే.

పాతరీలు:
మొక్క విషయంలో ఒప్పుకుంటా, పాతది చూస్తే భయం కాదు, జాలేస్తుంది. నా గొడవ క్లైమాక్స్‌తో. (చూడనివాళ్లు ఇక్కడే ఆగండి.) పాతదాంట్లో సీమోర్ కత్తి పట్టుకుని మొక్క నోట్లోకి దూకుతాడు, చివరికి వాడి ముఖమే పువ్వై పూస్తుంది. కొత్తదాంట్లో హీరో గెలిచి పెళ్లి చేసుకుంటాడు. మొదట తీసింది అది కాదు: మొక్క ఇద్దర్నీ మింగి, న్యూయార్క్ మీద పడుతుంది. ప్రివ్యూ జనానికి నచ్చలేదని మార్చేశారు.

రాత్రిషో:
అయ్యో, ఆ క్లైమాక్స్ ఇప్పుడు దొరుకుతుందా?

తెరవెనక:
2012 బ్లూరేలో డైరెక్టర్స్ కట్ పేరుతో ఉంది.

పాతరీలు:
ముందు 1960ది కానివ్వండి, గంటంపావు కూడా లేదు. అమెరికాలో కాపీరైట్ లేదు కాబట్టి నెట్‌లో ఫ్రీగానే ఉంటుంది. రంగులద్దిన ప్రింటు మాత్రం వద్దు.