ఒకే టీచర్ ఉన్న ఊరి బడి ఉంచాలా, మోడల్ ప్రైమరీలో కలపాలా?

ఆదోని మాస్టారు: 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 117 జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు పంపారు. 2025లో అది పోయి, తరగతికో టీచర్ ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు వచ్చాయి. పిల్లలు తక్కువున్న బడులను వాటిలో కలపాలనే నేనంటాను. ఐదు తరగతులకూ నేనొక్కడినే చెప్పిన రోజులున్నాయి. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో తరగతి భాగహారం ఆగిపోతుంది. మధ్యలో భోజనం లెక్కలు, యాప్‌లో ఫోటోలు. నేను సెలవు పెడితే బడికి తాళమే.

కోసిగి పిల్లోడు: సార్, ప్రాథమిక బడి కిలోమీటరు లోపల ఉండాలని విద్యాహక్కు చట్టం రూల్స్ చెప్తున్నాయి. మా ఊరి నుంచి పక్క బడి రెండున్నర కిలోమీటర్లు, మధ్యలో వంక. వానొస్తే ఆరేళ్ల పిల్ల ఎట్లా దాటుతుంది?

ఆదోని మాస్టారు: అరవై మంది లోపున్నా ఇద్దరు టీచర్లు ఉండాలని కూడా ఆ చట్టమే చెప్తోంది. ఆ మాట ఎవరూ ఎత్తరు.

కోసిగి పిల్లోడు: ఇద్దరిని ఇవ్వమనే కదా మేమడిగేది! ఇవ్వకుండా బడి ఎత్తేస్తే ఎట్లా?

గుత్తి అక్క: ఆటో పెట్టుకోవచ్చు కదా.

కోసిగి పిల్లోడు: డబ్బులెవరిస్తారక్కా? అప్పట్లో మా అక్క కూతుర్ని హైస్కూలుకు మార్చారు. ఆ ఏడే మానేసింది.

ఆదోని మాస్టారు: ఊరికే కిలోమీటరు పట్టుకుని వేలాడొద్దు. సంక్రాంతి దాటాక మీ ఊళ్లో పిల్లలెంతమంది ఉంటారు? మిరపకాయల కోతకని గుంటూరు తీసుకుపోతారు. చదువు చెడేది అక్కడ.

కోసిగి పిల్లోడు: సుగ్గికి, అంటే ఈ వలస పనులకు, సరదాకు పోతామా సార్? ఇక్కడ నీళ్లున్నాయా, పనుందా? మీ పిల్లలు ఏ బడిలో ఉన్నారో ముందు చెప్పండి.

ఆదోని మాస్టారు: ప్రైవేటులోనే. దాచేదేముంది? అక్కడ తరగతికో టీచర్ ఉన్నారు. మీ పిల్లలకూ అదే కావాలంటున్నా.

కడప రెడ్డి: వలస పిల్లలకు సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి కదా?

కోసిగి పిల్లోడు: అన్ని ఊళ్లలో యాడున్నాయన్నా? బడి ఊళ్లోనే ఉంటే పిల్లను అవ్వ దగ్గర వదిలి పోతారు. పక్క ఊరికి పోతే అవ్వ రోజూ నడిపించలేదు. అందుకే వెంట తీసుకుపోతారు. వలస వేరు, దూరం వేరు కాదు సార్. మా గొడవంతా అదే.

ఆదోని మాస్టారు: అట్లా వదిలిన పిల్ల ఐదో తరగతికొచ్చినా పేరాగ్రాఫ్ చదవలేకపోతే, ఆ అవ్వకు నేనేం చెప్పాలి? రెండో టీచర్ కోసం అర్జీ రాయండి, నేనూ సంతకం పెడతా. ప్రభుత్వం ఇవ్వనంటే మాత్రం కలపాలనే అంటాను.

కోసిగి పిల్లోడు: అర్జీ రేపే రాస్తాం సార్. కలపడానికి మాత్రం ఒప్పుకోం.