నెట్‌లో దొరికే ఇంగ్లిష్ టీచింగ్ మెటీరియల్‌లో ఏది నమ్మాలి?

కొత్త_మేడం:
అందరికీ నమస్తే. ఈ మధ్యే స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్‌గా జడ్పీ హైస్కూల్లో జాయిన్ అయ్యాను, ఎనిమిదో తరగతిలో 50 మంది పైనే ఉన్నారు. సైన్స్, సోషల్ అయితే పుస్తకాలు రెండు భాషల్లో ఉంటాయి కాబట్టి పక్క పేజీలో తెలుగు చూసుకుని ఎలాగోలా నెట్టుకొస్తున్నారు, ఇంగ్లిష్ పీరియడ్‌కి ఆ ఆసరా లేదు కదా. యాక్టివిటీల కోసం నెట్‌లో వెతికితే ఒకరేమో గ్రామర్ అసలు చెప్పొద్దంటారు, ఇంకొకరు రోజూ టెన్సుల చార్ట్ రాయించమంటారు, ఇద్దరూ అనుభవం ఉన్న టీచర్లమనే చెప్పుకుంటారు. ఇది పనికొచ్చేదా కాదా అని మీరెలా తేల్చుకుంటారు?

పల్లెబడి_సర్:
మేడం, నేను ముందు చూసేది ఆ పిరమిడ్ బొమ్మ ఉందా అని. చదివితే 10 శాతం, వింటే 20 శాతం, చేస్తే 90 శాతం గుర్తుంటుందని ఉంటుందే, అదే. దాని కింద అమెరికా విద్యావేత్త ఎడ్గార్ డేల్ పేరు వేస్తారు కానీ ఆయన 1946లో రాసిన పుస్తకంలోని అసలు బొమ్మలో (దాన్ని ఆయన కోన్ అన్నాడు) ఒక్క అంకె కూడా లేదు, ఆ శాతాలు తర్వాత ఎవరో తగిలించినవి. చూసి నేర్చుకునే పిల్లలు, విని నేర్చుకునే పిల్లలు అని క్లాసుని విడగొట్టి వాళ్ల స్టైల్‌కి తగ్గట్టే చెప్పమనేదీ అంతే, 2008లో నలుగురు సైకాలజిస్టులు ఉన్న రీసెర్చ్ అంతా తిరగేసి దానికి సరిపడా ఆధారం లేదని తేల్చారు. ఇవి రెండూ కనిపించాయంటే రాసినాయన చెక్ చేసుకోకుండా రాస్తున్నాడని అర్థం, నేనైతే అక్కడితో మూసేస్తాను.

చాక్‌పీస్:
సర్, అంత మాత్రానికే మొత్తం పక్కన పెట్టేస్తే ఎలా అండీ, థియరీ తప్పు రాసినవాళ్ల దగ్గర కూడా మంచి వర్క్‌షీట్లు ఉంటాయి. నాకు అంతకంటే ముఖ్యం అది ఏ పిల్లల కోసం రాశారు అన్నది. ప్రొనన్సియేషన్ షీట్లు సగానికి సగం రైస్, లైస్ తేడా పలికించేవే, అది జపాన్ పిల్లల సమస్య, మనకి ర, ల రెండూ పుట్టుకతోనే వచ్చు కదా, దానికి ఒక పీరియడ్ పోగొట్టుకోవడం ఎందుకు. మన పిల్లలకి కష్టం వేరే చోట ఉంది. కాఫీని కాపీ అంటారు, ఎగ్‌ని యెగ్గు అంటారు, జీరోలో మొదటి అక్షరం మన జ లాగే పలుకుతారు, వెస్ట్ అనే రెండు మాటలూ (ఒకటి దిక్కు, ఒకటి బనీను) ఒకేలా వినిపిస్తాయి. వీటిమీద పని చేయించేది దొరికితే వదలకండి. ఇంకోటి, పది మంది పిల్లలు, తలా ఒక ట్యాబ్ అనుకుని రాసింది యాభై మందికి నడవదు. ఎంతమంది, ఎన్ని నిమిషాలు, ఎక్కడ బెడిసికొట్టింది అన్నవి రాసినవాళ్లని నేను ఎక్కువ నమ్ముతాను.

పాతకాపు:
అమ్మా, మన దక్షిణాది బడుల్లోనే పెద్ద క్లాసులతో చేసి చూపించిన పని ఒకటుంది, ఇంగ్లిష్ బోధనా నిపుణులు ఎన్.ఎస్. ప్రభు గారి బెంగళూరు ప్రాజెక్ట్, 1979 నుంచి 84 దాకా నడిచింది. గ్రామర్ పాఠాలు లేవు, రైల్వే టైమ్‌టేబుల్, మ్యాప్ లాంటివి ఇచ్చి వాటితో లెక్క తేల్చమనేవాళ్లు. ముందు టీచరే అలాంటి ప్రశ్న ఒకటి క్లాసు మొత్తంతో కలిసి నోటితో చేయిస్తారు, తర్వాత పిల్లలు ఎవరికి వారే చేస్తారు. గ్రూప్ వర్క్ మీద ఆయనకి నమ్మకం తక్కువ, పిల్లలు ఒకరి తప్పు ఇంగ్లిష్ ఒకరు వింటారని. కనీసం సగం మంది కనీసం సగం సరిగ్గా చేయగలిగితే ఆ టాస్క్ ఆ క్లాసుకి సరిపోయినట్టు అనేవారు. నెట్‌లో దొరికిన ఏ వర్క్‌షీట్‌నైనా ఈ కొలతతో చూడు, ఒక్క పీరియడ్‌లో తెలిసిపోతుంది.

కొత్త_మేడం:
ఇది చాలా బాగుంది సర్! టైమ్‌టేబుల్ టాస్క్ ఇచ్చినప్పుడు పిల్లలు సమాధానం కరెక్టే రాసి గ్రామర్ తప్పుగా రాస్తే మార్కులు ఎలా?

పాతకాపు:
సమాధానానికే వెయ్యమ్మా, అక్కడా అలాగే వేసేవాళ్లు. పది లోపు విజయవాడ చేరాలంటే ఏ బండి ఎక్కాలో తేలిందా లేదా అన్నదే చూడు. నోటుబుక్ తిరిగి ఇచ్చేటప్పుడు సరైన వాక్యం కింద రాసిపెట్టు, ఎర్ర ఇంకు మాత్రం వద్దు. స్టేషన్ బోర్డుని ఫోన్‌తో ఫొటో తీసుకుని బోర్డు మీద రాసుకుంటే జిరాక్స్ ఖర్చు కూడా ఉండదు.