అప్‌డేట్: స్టేషన్లో ఉన్న ట్రాక్టర్ ఇంటికొచ్చింది, కేసు మాత్రం అలాగే ఉంది

మా బావమరిది సగం డబ్బు తనదేనని ఫిర్యాదు చేయడంతో ట్రాక్టర్‌ను పోలీసులు పట్టుకెళ్లారని, దాన్ని ఎలా విడిపించుకోవాలని ఆ మధ్య అడిగాను కదా. ఆర్‌సీ నా పేరునే ఉంది. చాలామంది "ముందు సివిల్ దావా తేల్చుకో" అన్నారు. అది తేలేసరికి టైర్లు మట్టిలో దిగబడిపోయేవి!

మా లాయరు క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే చట్టం బీఎన్ఎస్ఎస్‌లోని సెక్షన్ 497 (పాత సీఆర్‌పీసీ 451) కింద మధ్యంతర కస్టడీకి, అంటే కేసు తేలేదాకా బండి నా దగ్గర ఉంచమని, పిటిషన్ వేశారు. 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో, వాహనాలను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచి ప్రయోజనం లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అదే చూపించారు. బావమరిది అభ్యంతరం చెప్పాడు. అయినా ఫొటోలు, పంచనామా అయ్యాక బండి నాకిచ్చారు.

ఊరికే ఇవ్వలేదు లెండి. సొంత బాండు, ఇద్దరి జామీను. అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, రంగు కూడా మార్చకూడదు, పిలిచినప్పుడు కోర్టులో చూపించాలి. నేను గెలిచానని ఊళ్లో అనుకుంటున్నారు గానీ, బండి ఎవరిదో ఈ ఉత్తర్వు తేల్చదని మేజిస్ట్రేట్ గారు అందులోనే రాశారు. ఆ వాటా గొడవ సివిల్ కోర్టులోనే.

బ్యాటరీ మార్చాల్సి వచ్చింది. నిన్నటి నుంచి దమ్ము చేస్తున్నాం.